కలివికోడి కోసం నడిచిన సాయంత్రాలు

కలివికోడిని నేను ఒక్కసారి కూడా చూడలేదు. నాన్న కూడా చూడలేదు. అయినా మా ఇంట్లో ఏ పిట్ట మాట వచ్చినా కాసేపటికి కలివికోడి దగ్గరికే చేరుతుంది. ఐదేళ్ళకు పైగా మేమిద్దరం రోజూ దాని కోసమే నడిచాం మరి.

1985లో నాన్నకు సిద్ధవటం తపాలా కార్యాలయానికి బదిలీ అయింది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. కడపలో పుట్టి పెరిగిన అమ్మ ఆ ఊరికి అలవాటు పడడానికి చాలా రోజులు పట్టింది. నాకు మాత్రం దిగిన రోజు సాయంత్రమే నచ్చేసింది. ఊరి పక్కనే పెన్న. ఒడ్డున మట్లి రాజుల కోట. పొద్దు వాలేసరికి ఆ కోట రాళ్ళ సందుల దగ్గరికి చేరి గోల చేసే రామచిలుకలు. ఏటిలో నీళ్ళకంటే ఇసుకే ఎక్కువ. ఆ ఇసుకలో దోసపాదులు పెట్టేవాళ్ళు. కాయలు పండే రోజుల్లో ఒడ్డున నడుస్తుంటే గాలి కూడా తియ్యగా ఉండేది.

మరుసటి జనవరిలో ఆ వార్త వచ్చింది. మా ఊరికి దగ్గరలో రెడ్డిపల్లి వైపు పొదల్లో, ఐతన్న అనే పిట్టలు పట్టే ఆయన రాత్రివేళ టార్చిలైటు వెలుతురులో ఒక పిట్టను పట్టుకున్నాడు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ అనే యువకుడు అప్పటికే చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరుగుతూ ఆ పిట్ట గురించి ఆరా తీస్తున్నారు. దొరికింది కలివికోడి. నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన జెర్డన్ దొర వల్ల 1848లో దాని సంగతి పుస్తకాలకెక్కింది. 1900లో అనంతపురం దగ్గర కనిపించింది. ఆ తర్వాత 86 ఏళ్ళు జాడ లేదు. ఇక ఆ జాతే లేదని చాలామంది నిశ్చయించుకున్నారు. పాపం, పట్టుకున్న ఆ పిట్ట ఎక్కువ కాలం బతకలేదు. కానీ దాని జాతి ఇంకా ఉందని లోకానికి తెలిసింది.

ఆ వార్తను ఇంటికి తెచ్చింది నాన్నే. తపాలా కార్యాలయం గడప దగ్గర నిలబడితే చాలు, ఏ ఊళ్ళో ఏం జరిగిందో తెలిసిపోయే రోజులవి. ఆ రాత్రి అన్నం తింటూ ఆయన అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

“లోకమంతా పోయిందనుకున్న పిట్టకు మన పల్లెల్లో పేరుంది చూశావా! పేరుందంటే ఎవరో ఒకరు చూస్తూనే ఉన్నారన్నమాట.”

ఆ పేరులోనే దాని ఇల్లు కూడా ఉంది. కలివి అంటే మా మెట్టల మీద నడుమెత్తు పెరిగే ముళ్ళపొద. ముళ్ళు జంటలు జంటలుగా ఉంటాయి. కాయ తుంచితే పాలు కారి వేళ్ళు అంటుకుపోతాయి. పండితే నల్లగా నిగనిగలాడుతుంది. పండ్ల రోజుల్లో బడి వదలగానే పిల్లలమంతా ఆ పొదల మీద పడేవాళ్ళం. ఇంటికి చేరేసరికి నాలుకలు ఊదారంగు, చేతుల నిండా గీతలు. అలాంటి పొదల మధ్య ఖాళీ నేల మీద తిరుగుతుంది కాబట్టి అది కలివికోడి. పగలు కనిపించదు. చీకటి పడ్డాకే బయటికి వస్తుంది. అలికిడైతే ఎగరడం కంటే పరుగెత్తడమే ఎక్కువ. రోజూ పండ్లు కోసుకు తిన్న పొదల్లోనే అంత అపురూపమైన ప్రాణి ఉందని తెలిశాక నాకు ఆ పొదల్లో చెయ్యి పెట్టాలంటే ఒకలాంటి భక్తి కలిగేది.

ఆ వారంలోనే మా నడక మొదలైంది. సాయంత్రం టపా సంచి కట్టించి, లక్కతో సీలు వేయించి, లెక్క చూసుకుని నాన్న ఇంటికి వచ్చేవారు. కాఫీ తాగి, మూడు బ్యాటరీల టార్చి చంకన పెట్టుకుని “పదమ్మా” అనేవారు. కోట గోడ వెంట నడిచి, ఇసుకలోకి దిగి, ఒడ్డు ఎక్కి, బండ్ల బాట పట్టుకుని పొదల మెట్ట దాకా వెళ్ళి తిరిగి వచ్చేవాళ్ళం. రోజూ అదే దారి. ఆదివారాలు మాత్రం లంకమల కొండల వైపు ఇంకాస్త దూరం.

నాన్న దగ్గర పొడవాటి పుస్తకం ఒకటి ఉండేది. రిజిస్టరు ఉత్తరాల వివరాలు రాసినట్టే అందులో గళ్ళు గీసి రాసేవారు. తేదీ, వేళ, చోటు, కనిపించినవి. చివర ఒక సన్నటి గడి. దాని పైన “క.కో.” అని ఉండేది. ఆ గడిలో ప్రతిరోజూ ఒకటే మాట: “లేదు”. ఆ మాట రాసేటప్పుడు ఆయన ముఖంలో విసుగు నేనెప్పుడూ చూడలేదు. బట్వాడా కాని ఉత్తరాన్ని మర్నాటి సంచిలో జాగ్రత్తగా పెట్టినట్టు రాసేవారు. పక్కనున్న “కనిపించినవి” గడి మాత్రం రోజురోజుకూ చాలక, వరుసలు దాటి కిందికి పాకేది.

ఆ పుస్తకంలో ఎక్కువ పేజీలు తీతువుకు దక్కాయి. మా అవ్వకు తీతువు అరుపంటే వణుకు. రాత్రి అది అరుస్తూ ఇంటి మీదుగా పోతే, ఎవరికి ఏం మూడిందోనని తెల్లవార్లూ దేవుడి పేర్లు తలుచుకునేది. నేనూ ఆ భయంతోనే పెరిగాను. 1987 వేసవి మొదట్లో ఒకరోజు ఏటి ఒడ్డున గులకరాళ్ళ మీద నడుస్తున్నాం. ఎక్కడి నుంచో ఒక తీతువు మా నెత్తి మీదికి దూసుకొచ్చి అరవడం మొదలుపెట్టింది. దాని జత కూడా వచ్చింది. రెండూ కలిసి అరుస్తూ మా చుట్టూ తిరుగుతున్నాయి. నాకు ఏడుపు వచ్చేసింది. నాన్న నా భుజం పట్టుకుని ఆపి, తనూ కదలకుండా నిలబడ్డారు.

“అది శాపనార్థాలు పెట్టడం లేదమ్మా. కాళ్ళ దగ్గర చూసుకో అంటోంది.”

చూశాం. ఎంతసేపు చూసినా రాళ్ళే. చివరికి నాన్న కుడికాలి చెప్పుకు జానెడు దూరంలో నాలుగు రాళ్ళు వేరుగా కనిపించాయి. నాలుగూ ఒకే పరిమాణం. మట్టిరంగు మీద నల్లటి మచ్చలు, సిరా చిలకరించినట్టు. సన్నటి కొనలన్నీ లోపలికి తిరిగి, నాలుగు రేకుల పువ్వులా ఒద్దికగా ఉన్నాయి. గూడంటూ ఏమీ లేదు. నేలలో అరచేయంత గుంట, చుట్టూ ఏరి పేర్చిన చిన్న రాళ్ళు, వాటి మధ్య రెండు ఎండిన మేకపెంటికలు. నాన్న కాలు ఇంకొక్క అడుగు పడి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు జలదరిస్తుంది.

ఆ తర్వాత రోజూ దూరంగా మర్రిచెట్టు దగ్గర కూర్చుని చూసేవాళ్ళం. ఆదివారం మధ్యాహ్నం ఎండలో ఒకసారి వెళ్ళినప్పుడు నేను చూసిన దృశ్యం ఇది. తల్లి మెల్లగా మడుగు దాకా నడిచింది. నీళ్ళలోకి దిగి, రొమ్ము ఈకలు, కడుపు ఈకలు బాగా తడుపుకుంది. నీళ్ళు కారుతుండగానే గబగబా తిరిగి వచ్చి గుడ్ల మీద కూర్చుంది. కాసేపటికి మళ్ళీ లేచింది, మళ్ళీ తడుపుకుని వచ్చింది. కాలే రాళ్ళ మధ్య గుడ్లు ఉడికిపోకుండా అది చేసే పని అది. అమ్మ జ్వరంలో నా నుదుటి మీద తడిగుడ్డ వేసి, ఆరగానే మళ్ళీ తడిపి వేయడం గుర్తొచ్చింది. నెల తిరిగేలోపు ఒక సాయంత్రం గుంట ఖాళీగా ఉంది. చాలాసేపు వెతికితే ఒక్క పిల్ల కనిపించింది. తల్లి అరవగానే అది ఉన్నచోటే నేలకు కరుచుకుని రాయైపోయింది. కన్ను మాత్రం మెరుస్తోంది.

అవ్వకు ఇదంతా చెప్పాను. నమ్మినట్టు కనిపించలేదు. కానీ ఆ తర్వాత ఒక రాత్రి తీతువు అరుస్తూ పోతే, “పిల్లలున్నాయేమోలే, పాపం” అని అటు తిరిగి పడుకుంది.

దారిలో గొర్రెలు కాసే పెద్దాయన ఒకరు రోజూ ఎదురయ్యేవారు. నేను తాతా అని పిలిచేదాన్ని. ఆయన నాన్నను “పోస్టు సారూ” అనేవారు, నన్ను “పాపా”. మా పుస్తకంలోని పేర్లలో సగానికి పైగా ఆయన చెప్పినవే. పొదలోంచి బుర్రుమని లేచి పదడుగుల్లో మళ్ళీ వాలిపోయేది పూరేడు. పొద్దున్నే గుట్ట అంతా వినబడేలా పిలిచేది కౌజు. రాగిరంగు రెక్కలతో పొదల్లో బరువుగా కదిలేది జెముడుకాకి. చింతతొర్రలోంచి తల ఊపుతూ మనల్నే చూసేది పైడికంటి. టెలిఫోను తీగ మీద కూర్చుని తూనీగను పట్టి, తీగకేసి కొట్టి మింగేది పసిరిక. అప్పటివరకు నాకు అవన్నీ “పిట్టలు”. పేర్లు తెలిశాక ఒక్కొక్కటీ వీధిలో ఎదురుపడే మనిషిలా గుర్తుపట్టడం మొదలైంది.

కలివికోడి గురించి నాన్న అడగనే అడిగారు. తాత కర్ర మీద గడ్డం ఆనించి నవ్వారు.

“చూడకేం సారూ! వయసులో ఉన్నప్పుడు మంద తోలుకుని చీకటిపడ్డాక వస్తుంటే కాళ్ళ ముందు నుంచి పరుగు తీసేది. నాలుగడుగులు పోయి ఆగేది, మళ్ళీ పరుగు. దానికి ఇంత విలువుందని అప్పుడెవరికి తెలుసు?”

ఆ రోజు గడిలో నాన్న “లేదు” అని రాసి, పక్కన చిన్న అక్షరాలతో “తాత చూశారు” అని చేర్చారు.

ఆరుద్ర కార్తె వచ్చిందంటే మా నడక ముందుకు సాగేది కాదు. తొలి వాన పడి ఎర్రమట్టి తడిసిన మర్నాడు ఎక్కడ చూసినా ఆరుద్ర పురుగులు. మఖమలు గుడ్డను గుండ్రంగా కత్తిరించి నేలమీద వదిలినట్టు, కుంకుమకంటే చిక్కటి ఎరుపు. వేలితో తాకితే కాళ్ళు ముడుచుకుని ఊరుకునేవి. ఒకసారి అగ్గిపెట్టెలో గడ్డి పరిచి నాలుగింటిని ఇంటికి తెచ్చాను. తెల్లారేసరికి నీరసించి ఉన్నాయి. నాన్న ఏమీ అనలేదు. బడికి వెళ్ళేముందు నన్ను వెంటబెట్టుకుని, అవి దొరికిన చోటికే నడిపించుకు వెళ్ళి వదిలించారు. ఆ తర్వాత నేను ఏ ప్రాణినీ పెట్టెలో పెట్టలేదు. ఆ వానల్లోనే ఒకరోజు బాట మధ్యలో నక్షత్ర తాబేలు కనిపించింది. నల్లటి డిప్ప మీద పసుపు గీతలు నక్షత్రాల్లా విచ్చుకుని ఉన్నాయి. అది బాట దాటేదాకా ఎదురుగా వస్తున్న ఎద్దులబండిని నాన్న చెయ్యి చాపి ఆపారు. బండాయన కూడా దిగి చూశాడు.

1988లో రెండు మంచి సంగతులు జరిగాయి. లంకమల అడవిని శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యంగా ప్రకటించారు. అదే ఏడాది తపాలా శాఖ కలివికోడి బొమ్మతో బిళ్ళ విడుదల చేసింది. తను అమ్మే బిళ్ళల మీదికి తను వెతికే పిట్ట వచ్చి కూర్చోవడం నాన్నకు ఎంత సంతోషమో చెప్పలేను. ఒక బిళ్ళ కొని తెచ్చి, చిమ్నీ దీపం దగ్గర భూతద్దం పెట్టి నాకు చూపించారు. రొమ్ము మీద రెండు పట్టీలు, కంటి పైన తెల్లటి గీత, పొడవాటి కాళ్ళు. ఆ బిళ్ళను పుస్తకం మొదటి పేజీలో అంటించారు. మేము కలివికోడిని అంత దగ్గరగా చూసింది ఆ ఒక్కసారే.

ఇంకొకసారి చూశామేమో అనుకునే అవకాశం మాత్రం వచ్చింది. చలికాలంలో ఒక తెల్లవారుజామున బండ్ల బాట మెత్తటి దుమ్ములో అడుగులు కనిపించాయి. ముందుకు మూడు వేళ్ళు, వెనక వేలు లేదు. బాటకు అడ్డంగా ఒక పొదలోంచి ఇంకో పొదలోకి సూటిగా వెళ్ళాయి. నాన్న మోకాళ్ళ మీద కూర్చుని, జేబులోంచి అగ్గిపుల్ల తీసి కొలిచారు. ఆ అడుగును పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు గీసి, చివరి గడిలో మొదటిసారి “లేదు” అనే మాట రాయకుండా ప్రశ్నార్థకం పెట్టారు. పెద్ద పసుపు కళ్ళతో పగలంతా పొదనీడలో కదలకుండా కూర్చుని రాత్రిళ్ళు అరిచే పిట్ట ఒకటి మా మెట్ట మీదే ఉండేది. దానికీ మూడు వేళ్ళే. కాబట్టి ఆ అడుగు దానిదే కావచ్చు. చాలా ఏళ్ళ తర్వాత, కలివికోడిని పరిశోధించేవాళ్ళు పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి, మర్నాడు అడుగుల కోసం చూసేవారని చదివాను. నాన్నకు చదివి వినిపించాను. “మనకు బాట మీది దుమ్ము ఉండేది కదా” అన్నారు.

రాత్రి నడకలు ఎక్కువ లేవు, అమ్మ ఒప్పుకునేది కాదు. పాముల భయం. ఒక్క రాత్రి మాత్రం తాత తోడు వస్తానంటే సరేనంది. వెన్నెల లేని రాత్రి. పొదల దగ్గర చాలాసేపు నిలబడ్డాం. అప్పటికి కలివికోడి కూతను ఎవరూ రికార్డు చేయలేదు. ఏ అరుపు కోసం చెవులు రిక్కించామో మాకే తెలియదు. కీచురాళ్ళు, దూరంగా నక్కల ఊళ, కోట వైపు నుంచి కుక్కలు. తిరిగి వస్తుంటే నాన్న టార్చి ఒక తుమ్మచెట్టు మీద పడింది. కొమ్మల మధ్య రెండు నిప్పుకణికలు.

“దేవాంగపిల్లి” అన్నారు తాత మెల్లగా.

పుల్లల్లాంటి కాళ్ళు చేతులు, తోక లేదు, ముఖమంతా కళ్ళే. ఒక చెయ్యి చాపి కొమ్మను పట్టుకునేది. ఆ పట్టు కుదిరిందని నమ్మకం కలిగాకే రెండో చెయ్యి వదిలేది. అంత నెమ్మదిగా కదిలే ప్రాణిని నేను మళ్ళీ చూడలేదు. మేము చూస్తున్నామని దానికి తెలుసు. భయపడిందో లేదో తెలియదు, తొందరపడలేదు. “చాలు, కళ్ళు నొప్పిపెడతాయి దానికి” అని నాన్న టార్చి ఆర్పేశారు. చీకట్లో ముగ్గురం ఇంకాసేపు అక్కడే నిలబడ్డాం. ఆ రోజు “కనిపించినవి” గడిలో ఒకే ఒక్క పేరు ఉంది.

ఆ పుస్తకం ఇప్పుడు తిరగేస్తుంటే కొన్ని పేర్ల దగ్గర చెయ్యి ఆగిపోతుంది. “రాబందులు, 11, ఏటి అవతల, చచ్చిన ఎద్దు మీద.” అలాంటి వరుసలు ఎన్నో. మాకప్పుడు అవి వింత కాదు. ఆకాశంలో రెక్క ఆడించకుండా తిరుగుతుంటే తలెత్తి కూడా చూసేవాళ్ళం కాదు. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ మందు ఆ కళేబరాల ద్వారా రాబందుల కడుపులోకి వెళ్ళి, మూత్రపిండాలు పాడై అవి చనిపోతున్నాయని తెలిసేసరికి ఆలస్యమైపోయింది. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. కలివికోడి కోసం అంతగా వెతికిన మేము, రోజూ కనిపించే రాబందులు ఏ సాయంత్రం నుంచి కనిపించడం మానేశాయో రాసుకోలేదు. అది తలుచుకుంటే నాకు బాధగా ఉంటుంది.

1991లో నాన్నకు కడప బదిలీ అయింది. సామాను లారీకెక్కించే రోజు తాత వచ్చి, తుండుగుడ్డలో కట్టిన కలివిపండ్లు నా చేతిలో పెట్టి వెళ్ళారు. ఆయన్ను మళ్ళీ చూడలేదు.

పెళ్ళయ్యాక కొన్నేళ్ళు వేరే ఊళ్ళలో ఉండి, ఇప్పుడు మళ్ళీ కడపలోనే ఉంటున్నాను. రోజూ పొద్దున దేవుని కడప చెరువు వైపు నడుస్తాను. నీటికాకులు రెక్కలు విప్పి ఎండకు ఆరబెట్టుకుంటాయి. గట్టు మీది తుమ్మకు గిజిగాళ్ళు గూళ్ళు అల్లుతాయి. సగం అల్లి వదిలేసిన గూళ్ళు గాలికి టోపీల్లా ఊగుతుంటాయి. లకుముకి పిట్ట ఒకటి రోజూ ఒకే రాయి మీద కూర్చుంటుంది. నేనూ ఒక పుస్తకం పెట్టుకున్నాను. చివరి గడి కూడా గీశాను, దాని పైన “క.కో.” అనే రాశాను. చెరువుగట్టు మీద అది కనిపించదని నాకు తెలుసు. అయినా ఆ గడి లేకపోతే పేజీ పూర్తయినట్టు అనిపించదు.

నాన్నకు ఇప్పుడు 82 ఏళ్ళు. మోకాళ్ళు సహకరించవు. వసారాలో కుర్చీ వేసుకుని కూర్చుంటారు. చూపు తగ్గింది కానీ వినికిడి బాగుంది. తెలుగుగంగ కాలువ పనులు ఆ పొదల దాకా వచ్చినప్పుడు, ఆ పిట్ట కోసం కాలువ దారినే మార్చారన్నప్పుడు, మధ్యలో ఏళ్ళ తరబడి దాని జాడ మళ్ళీ లేకుండా పోయినప్పుడు, ప్రతి వార్తనూ ఆయనకు చదివి వినిపిస్తూ వచ్చాను. 2025లో మళ్ళీ మన జిల్లాలోనే దాని కూత వినబడిందని పత్రికల్లో చూసి, ఆ పేజీని ఆయన ఒళ్ళో పెట్టాను. పుస్తకం తెమ్మన్నారు. మొదటి పేజీలోని బిళ్ళను చాలాసేపు వేలితో తడిమారు.

ఆ రాత్రి ఫోనులో కలివికోడి కూత వెతికి పట్టుకున్నాను. పాత రికార్డు. రెండు పొట్టి స్వరాలు, మళ్ళీ మళ్ళీ. ఆయన చెవి దగ్గర పెట్టాను. కళ్ళు మూసుకుని విన్నారు. ఆ రోజు పొదల దగ్గర విన్నవాటిలో ఇది ఉందా అని అడిగాను. “మళ్ళీ పెట్టు” అన్నారు. మళ్ళీ పెట్టాను. మూడోసారి మధ్యలో చెయ్యి ఎత్తారు.

“ఫోను ఆపమ్మా. బయట తీతువు అరుస్తోంది.”

ఆపాను. నిజమే, పాలకొండల వైపు నుంచి ఒకటి అరుచుకుంటూ మా ఇంటి మీదుగా వెళ్తోంది.

“వేళెంత?” అని అడిగారు.

ఎనిమిదీ ఇరవై. చెప్పాను. పుస్తకం ఆయన ఒళ్ళోనే ఉంది. కలం అందించాను.